పక్కింటి మామ్మగారికి మీ పాప ఏం చేసి పెట్టగలదు?

స్నేహితులకీ ఇరుగుపొరుగుకీ సాయం చేయడం చిన్నపిల్లలకి ఎలా నేర్పాలని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు రాసేలోపే అదే విషయం మీద ఇంకా చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. పేర్లు వేయవద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా పాపకి ఐదేళ్ళు. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. పక్క ఫ్లాట్లవాళ్ళతో నవ్వు తప్ప పెద్దగా పరిచయం లేదు. రాత్రి నీతికథలు చెప్పి 'అందరికీ సాయం చేయాలి నాన్నా' అంటాను, ఊఁ కొడుతుంది. కానీ పక్కింటి బాబు వస్తే ఒక్క బొమ్మ ముట్టుకోనివ్వదు. స్వార్థంగా తయారవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక అమ్మ, హైదరాబాద్

ముందు ఆ టెన్షన్ వదిలేయండి అమ్మా. బొమ్మ ఇవ్వకపోవడం వేరు, సాయం చేయకపోవడం వేరు. ఐదేళ్ళ పిల్లకి తన బొమ్మంటే ప్రాణం, అందులో తప్పేం లేదు. బాబు వచ్చేముందే 'ఇవ్వడానికి మనసొప్పనివి ఏవో చెప్పు, అవి బీరువాలో పెట్టేద్దాం, మిగతావి ఇద్దరూ ఆడుకోండి' అనండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇక సాయం సంగతి. మనం నేర్పేదాకా పిల్లలు ఆగరు. 2006లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. జర్మనీలోని లైప్జిగ్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థకి చెందిన ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో చేశారు. ఏడాదిన్నర పిల్లల ఎదురుగా ఒక మనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, దాన్ని అందుకోలేక చేయి చాపుతూ ఉంటాడు. ఇంకోసారి చేతుల నిండా పుస్తకాలతో వచ్చి బీరువా తలుపు తీయలేక నిలబడిపోతాడు. 24 మంది పిల్లల్లో 22 మంది కనీసం ఒక్కసారైనా లేచి వెళ్ళి సాయం చేశారు. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. నాకు ఇంకా నచ్చిన విషయం ఏమిటంటే, అదే మనిషి క్లిప్పుని కావాలని కింద పారేస్తే చాలామంది పిల్లలు తీసివ్వలేదు. ఎదుటివాళ్ళకి నిజంగా అవసరం ఉందా లేదా అన్నది ఆ వయసుకే గమనిస్తున్నారన్నమాట.

కాబట్టి మీ పాపకి లేనిది మంచితనం కాదు, సందర్భం. 'అందరికీ సాయం చేయాలి' అంటే ఆ పిల్లకి ఎవరు గుర్తుకు రావాలి, ఏం చేయాలి? ఒక మనిషిని, ఒక పనిని చూపించండి. మీ బ్లాక్‌లో పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, పెద్దవాళ్ళిద్దరే ఉంటున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. మొదటిసారి మీరు కూడా వెళ్ళండి, పరిచయం చేసుకోండి, ఆ తర్వాత మాట పాపకి వదిలేయండి. 'మామ్మగారూ, నేనేం చేసిపెట్టను?' అని తనే అడగాలి. మనకి తోచింది చేసేసి రావడం కాకుండా, వాళ్ళకేం కావాలో అడిగి చేయడం మొదటినుంచీ అలవాటు కావాలి.

ఐదారేళ్ళ పిల్లలకి పనులే ఉండవనుకుంటాం గానీ బోలెడున్నాయి. గుమ్మం ముందు పడిన పేపరు వంగి తీసి చేతికివ్వడం, బాల్కనీలో తులసి కుండీకి నీళ్ళు పోయడం, మామ్మగారు మల్లెపూలు కడుతుంటే జతలు జతలుగా పేర్చి అందించడం, చిక్కుడుకాయలు ఒలవడం. కాస్త పెద్దయితే సూదిలో దారం ఎక్కించడం. చూపు తగ్గినవాళ్ళకి ఇది ఎంత పెద్ద సాయమో ఆ వయసువాళ్ళనే అడగండి. ఏడెనిమిదేళ్ళ పిల్లలైతే అమెరికాలో ఉన్న కొడుక్కి వీడియో కాల్ కలిపివ్వగలరు. రోజూ వెళ్ళక్కర్లేదు. శనివారం అంటే శనివారం, అలా ఒక రోజు పెట్టుకుంటే మామ్మగారు కూడా ఎదురుచూస్తారు, పాపకి 'నేను వెళ్ళకపోతే ఆవిడకి ఇబ్బంది' అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన నీతికథ వింటే వచ్చేది కాదు.

ఇంకో మాట, ఇది మీకోసం. పక్కింటికి వెళ్ళి నాలుగు కరివేపాకు రెబ్బలో, తోడుకి కాస్త పెరుగో అడిగి ఎన్నాళ్ళయింది? ఇప్పుడు ఏం కావాలన్నా ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకి వస్తోంది, చేబదులు అన్నదే ఇళ్ళల్లోంచి పోయింది, దానితోపాటు పిల్లలు పక్కింటి తలుపు తట్టే కారణం కూడా పోయింది. నెలకో రెండు నెలలకో ఒకసారి యాప్ తెరవకుండా పాపనే పంపి అడిగించండి. వాళ్ళింట్లో మనకి కావలసింది ఉంటుంది, మనింట్లో వాళ్ళకి కావలసింది ఉంటుంది అని తనకి తెలుస్తుంది. మనవాళ్ళు పక్కింటి గిన్నెని ఖాళీగా వెనక్కి పంపరు, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. ఆ పని కూడా పాప చేతే చేయించండి. ఉగాదికి పచ్చడి, దసరాకి జమ్మి ఆకు పట్టుకుని ప్రతి తలుపూ తట్టనివ్వండి. అపార్ట్‌మెంట్‌లో పరిచయాలు పెంచుకోవడానికి పిల్లల్ని మించిన దారి లేదు.

ప్రశ్న: ఎవరికైనా సాయం చేస్తే పది రూపాయలు ఇస్తానని మా బాబుకి అలవాటు చేశాను. వాడికి ఏడేళ్ళు. మొదట్లో ఉత్సాహంగా చేశాడు. ఇప్పుడు కింద ఇంటి తాతగారికి మంచినీళ్ళ క్యాన్ దగ్గర తలుపు పట్టుకోమన్నా 'ఎంతిస్తావ్?' అంటున్నాడు. - ఒక నాన్న, గుంటూరు

మీ బాబు తప్పేం లేదు, అది సాయం కాదు కూలి అని వాడికి మనమే చెప్పినట్టయింది. పైన చెప్పిన పరిశోధకులిద్దరే 2008లో దీన్ని కూడా చూశారు. 20 నెలల పిల్లల్లో సాయం చేసినప్పుడల్లా బహుమతి అందుకున్నవాళ్ళు, ఆ తర్వాత, ఏమీ అందుకోనివాళ్ళకన్నా, మాటతో మెప్పు మాత్రమే పొందినవాళ్ళకన్నా తక్కువసార్లు సాయం చేశారు. స్టిక్కర్లు, చార్టులు, నక్షత్రాలు, చాక్లెట్లు అన్నిటి విషయంలోనూ నేను ఇదే అంటాను.

ఇప్పుడేం చేయాలంటే, ఇన్నాళ్ళూ ఇచ్చినదాన్ని ఉన్నట్టుండి ఆపి తిట్టకండి. 'ఇంటి పనులకీ పక్కింటి పనులకీ ఇకనుంచి డబ్బులుండవు, నీ ఖర్చుకి వారానికి ఇంత అని విడిగా ఇస్తాను' అని సూటిగా చెప్పేయండి. కొన్నాళ్ళు మొరాయిస్తాడు, మొరాయించనివ్వండి. వాడు ఏదైనా చేసినప్పుడు 'గుడ్ బాయ్' అని వదిలేయకుండా దానివల్ల ఏం జరిగిందో చెప్పండి. 'నువ్వు తలుపు పట్టుకున్నావు కాబట్టి తాతగారు క్యాన్ కింద పెట్టి మళ్ళీ ఎత్తాల్సిన పని లేకపోయింది, ఆయనకి నడుము నొప్పి కదా' అనండి. వాడి మనసు పది రూపాయల మీంచి తాతగారి నడుము మీదకి మళ్ళాలి.

ప్రశ్న: మా అమ్మాయి మూడో తరగతి. ఫ్రెండ్ హోంవర్క్ చేయలేదని తన నోట్‌బుక్ ఇచ్చేసింది, కాపీ కొట్టినందుకు ఇద్దరినీ టీచర్ కోప్పడ్డారు. 'నువ్వే కదా సాయం చేయమన్నావు' అని నన్ను నిలదీస్తోంది. - కరీంనగర్

నిలదీసిందంటే ఆలోచిస్తోందని అర్థం, సంతోషించండి. మనసు మంచిదే, పద్ధతి మారాలి అని చెప్పండి. నోట్‌బుక్ ఇస్తే ఆ రోజు గడుస్తుంది, రేపు పరీక్షలో ఆ పిల్ల ఒక్కతే కూర్చోవాలి కదా. ఒక లెక్క తను చేసి చూపించి, రెండోది ఫ్రెండ్ చేత చేయించమనండి. అసలు ఆ పిల్ల హోంవర్క్ ఎందుకు చేయలేకపోతోందో కూడా అడగమనండి. ఇంట్లో చెప్పేవాళ్ళు లేకపోతే సాయంత్రాలు మీ ఇంటికి పిలవచ్చు.

ప్రశ్న: మా పాప క్లాసులో చూపు లేని అమ్మాయి చేరింది. మా పాప చాలా ప్రేమగా ఉంటుంది, చేయి పట్టుకుని తీసుకెళ్తుంది, బ్యాగ్ మోస్తుంది, టిఫిన్ డబ్బా కూడా తనే తీస్తుంది. కానీ మొన్న ఆ అమ్మాయి విసుక్కుందట. మా పాప ఏడుస్తూ వచ్చింది. - ఒక అమ్మ, వరంగల్

ఈ ఉత్తరం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే పెద్దవాళ్ళం కూడా ఇక్కడే పొరబడుతుంటాం. మీ పాపని ఓదార్చండి, ఆ తర్వాత కళ్ళకి గంతలు కట్టి ఒక ఆట ఆడండి. తను నడుస్తుంటే ఏమీ చెప్పకుండా చేయి పట్టుకుని లాగండి. ఎలా ఉందో అడగండి. తర్వాత గంతలు అలాగే ఉంచి, మీ పేరు చెప్పి పలకరించి 'తీసుకెళ్ళనా?' అని అడిగి, మీ మోచేయి తన చేతికి అందించండి. తను పట్టుకుని మీ వెనక అరడుగు దూరంలో నడుస్తుంది. మెట్లు వచ్చినప్పుడు 'మెట్లు ఎక్కుతున్నాం' అని చెప్పండి. చూపు లేనివాళ్ళకి దారి చూపించేటప్పుడు పాటించే పద్ధతి ఇదే. మనం వాళ్ళని పట్టుకోం, వాళ్ళు మనల్ని పట్టుకుంటారు. వదిలేయాలనుకున్నప్పుడు వదిలేసే వీలు వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

కొన్ని చిన్న మర్యాదలు కూడా నేర్పండి. దగ్గరకి వెళ్ళగానే 'నేనే' అనకుండా పేరు చెప్పాలి. వెళ్ళిపోయేటప్పుడు వెళ్తున్నానని చెప్పాలి, లేకపోతే ఆ పిల్ల ఖాళీ బెంచీతో మాట్లాడుతూ ఉంటుంది. కర్ర ముట్టుకోకూడదు. బ్యాగ్, నీళ్ళ సీసా ఉన్న చోటునుంచి జరపకూడదు, సర్దుదామని మంచికే జరిపినా సరే. ఇక టిఫిన్ డబ్బా మూత ఆ అమ్మాయి తీసుకోగలదు, తీసుకోనివ్వాలి. బోర్డు మీద రాసింది చదివి వినిపించడం లాంటిది అయితే నిజంగా ఉపయోగం, కానీ అది కూడా అడిగాకే.

తన దగ్గర ఏమైనా నేర్చుకోమని కూడా మీ పాపకి చెప్పండి. ఆ అమ్మాయికి బ్రెయిలీ వస్తుంటే చుక్కలతో తన పేరు ఎలా రాస్తారో అడగమనండి. ప్రతిసారీ ఒకరే ఇచ్చేవాళ్ళు, ఇంకొకరే తీసుకునేవాళ్ళు అయితే అది స్నేహంగా నిలవదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరించిన 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి దగ్గర్లోని బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఆ అమ్మాయి అక్కడ ఉండడం ఎవరి దయా కాదు. ఈ సంగతి మీకు తెలిసి ఉంటే ఇంట్లో మీరు మాట్లాడే తీరు మారుతుంది, మీ పాప వినేది దాన్నే.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. సంక్రాంతికి అమ్మ పంపిన అరిసెలు, సకినాలు పిల్లల చేత చుట్టుపక్కల ఇళ్ళకి పంపిద్దామనుకుంటున్నాను. ఇక్కడివాళ్ళు ఏమనుకుంటారో? - ఫ్రిస్కో

సంతోషంగా పంపండి, కానీ అడిగి పంపండి. అరిసెలకీ సకినాలకీ నువ్వులుంటాయి. అమెరికాలో ఆహారం వల్ల అలర్జీ కలిగించే ముఖ్యమైన పదార్థాల జాబితాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని తొమ్మిదోదిగా చేర్చారు. పల్లీలు, జీడిపప్పు ముందునుంచే ఉన్నాయి. అలర్జీ ఉన్న పిల్లలకి ఒక్క ముక్కతో ప్రాణం మీదకి రావచ్చు. మీ పిల్లల చేత చిన్న చీటీ రాయించండి. లోపల ఏమేం ఉన్నాయో, పల్లీ పట్టీ చేసిన చేతులతోనే చేశారా అన్నది కూడా రాయాలి. పిల్లల చేతికి కాకుండా వాళ్ళ అమ్మకో నాన్నకో ఇవ్వమనండి. బడికి మాత్రం పంచడానికి తీసుకెళ్ళకండి, టీచర్ని అడిగితేనే.

తిండి ఒక్కటే కాదు, చెత్త డబ్బా రోజున ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళని ముందే అడిగి, ఖాళీ అయిన డబ్బా వాళ్ళ గరాజ్ దగ్గరకి తెచ్చి పెట్టే పని పదేళ్ళ పిల్లలు హాయిగా చేయగలరు.

ప్రశ్న: రోజులు బాగాలేవు. మనవరాలిని ఇంకొకరింటికి సాయానికి పంపడం నాకైతే భయం. కోడలు పంపాలంటుంది. మీరేమంటారు? - ఒక నానమ్మ, రాజమండ్రి

అమ్మా, మీ భయం నిజమే, మీ కోడలు అన్నదీ నిజమే. పంపండి, కొన్ని కట్టుబాట్లతో. ఏ ఇంటికి వెళ్ళినా చెప్పి వెళ్ళాలి. మీకు బాగా తెలిసిన ఇల్లే అయినా తలుపు తెరిచే ఉండాలి. 'ఇంట్లో చెప్పకు' అన్న మాట ఎవరు అన్నా సరే, వెంటనే ఇంటికి వచ్చి చెప్పాలి. తెలియని పెద్దవాళ్ళు పిల్లల్ని సాయం అడగరు, పెద్దవాళ్ళకి సాయం కావాలంటే పెద్దవాళ్ళనే అడుగుతారు. 'కుక్కపిల్ల తప్పిపోయింది, వెతుకుదాం రా' అన్నా, 'అడ్రస్ చూపించు, బండెక్కు' అన్నా జవాబు చెప్పక్కర్లేదు, మర్యాద అక్కర్లేదు, పరుగెత్తుకు రావడమే. సాయం చేయనని చెప్పినందుకు ఎవరూ తిట్టరన్న ధైర్యం పిల్లకి మీరే ఇవ్వాలి.

ప్రమాదం జరిగినప్పుడు పిల్లలు చేయగలిగిన పెద్ద సాయం పెద్దవాళ్ళని పిలవడం. పక్కింటి తాతగారు బాత్రూమ్‌లో పడిపోతే లేపకూడదు, ఎముక విరిగి ఉంటే ఇంకా పాడవుతుంది. అరవాలి, పరుగెత్తాలి. ఎవరూ దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్స్ సేవ నంబర్ ఇప్పుడు పల్లెలో పిల్లలకి కూడా తెలుసు. పోలీసులు, ఫైర్, అంబులెన్స్ ఏది కావాలన్నా 112. పిల్లలే ఆపదలో ఉంటే 1098. నంబర్లతో పాటు ఇంటి నంబరు, వీధి పేరు, దగ్గర్లో ఉన్న గుడో స్కూలో చెప్పడం రావాలి. ఫోన్ చేసినట్టు ఆడుతూ ప్రాక్టీస్ చేయించండి. కరెంటు షాక్ కొట్టినవాళ్ళని ముట్టుకోకూడదని కూడా.

మీది గోదావరి ఒడ్డు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. ఎండాకాలం సెలవుల్లో చెరువుల్లో, కాలవల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. అందులో స్నేహితుణ్ణి కాపాడబోయి దిగిన పిల్లలు ఉంటారు. ఈత వచ్చినా సరే దిగకూడదు, మునిగేవాడు భయంతో గట్టిగా పట్టేసుకుంటాడు, ఇద్దరూ పోతారు. గట్టున పడుకుని పొడవాటి కర్ర అందించాలి, లేదంటే తాడు, చున్నీ, మూత బిగించిన ఖాళీ నూనె క్యాన్, ఏది తేలితే అది విసరాలి, అరుస్తూనే ఉండాలి. ఫ్రెండ్ కోసం ప్రాణమివ్వాలని సినిమాల్లో చూసిన పిల్లలకి ఈ మాట ఒక్కసారి చెప్తే చాలదు, ప్రతి వేసవికీ చెప్పండి.

ప్రశ్న: నాలుగేళ్ళవాడు సాయం చేస్తానంటే పని రెండింతలవుతోంది. - నెల్లూరు

అవుతుంది. తొందర లేని రోజున చేయనివ్వండి. తొందరగా ఉన్న రోజున చెంచాలు తుడిచే పని ఇవ్వండి. వాడు మడతపెట్టిన టవల్‌ని వాడి ఎదురుగా మళ్ళీ మడతపెట్టకండి.

ప్రశ్న: మేం విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా బాబుకి ఏడేళ్ళు. పడవల్లో, డ్రోన్లతో తిండి పంచడం మేడ మీంచి చూశాడు. అప్పట్నుంచి ఎవరికైనా ఏదైనా ఇస్తానంటాడు. మా వాచ్‌మన్ కొడుకు వీడి వయసువాడే. వాడికి పాత బట్టలు, బొమ్మలు ఇస్తాడు, మావారు ఫొటో తీసి స్టేటస్ పెడతారు. బాబు మంచి పనే చేస్తున్నాడు కదా, అయినా నాకేదో ఇబ్బందిగా ఉంటోంది. - విజయవాడ

మీకు కలిగిన ఇబ్బంది సరైనదే. ముందు ఫొటోలు ఆపమని మీవారికి చెప్పండి. ఇంకొకరి పాత చొక్కా తీసుకుంటున్నప్పుడు తీసిన ఫొటో అపార్ట్‌మెంట్ అంతా చూస్తుందని తెలిస్తే ఆ బాబుకి ఎలా ఉంటుందో మీ బాబుని అడగండి. పిల్లలు ఈ విషయంలో మనకన్నా త్వరగా అర్థం చేసుకుంటారు.

వరద రోజులే గుర్తు చేయండి. పైనుంచి పొట్లాలు వచ్చినప్పుడు మీరూ తీసుకున్నవాళ్ళే. నీళ్ళు తీశాక అసలు పని మొదలైంది, ఇళ్ళల్లో బురద కడగడం, తడిసిన పుస్తకాలూ సర్టిఫికెట్లూ ఆరబెట్టడం. అప్పుడు పులిహోర పొట్లంకన్నా చీపురు పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషి అవసరమయ్యాడు. ఏం కావాలో అడగకుండా తెచ్చినవి, చిరిగిన బట్టలు, ఎవరికీ సరిపోని చెప్పులు, ఇలాంటివి ఏ వరద తర్వాత అయినా గుట్టలుగా మిగిలిపోతాయి.

వాచ్‌మన్ బాబుకి ఏదైనా ఇవ్వాలనుకుంటే వాళ్ళ అమ్మని మీరు విడిగా, మర్యాదగా అడగండి, కావాలంటేనే ఇవ్వండి, బాగున్నవే ఇవ్వండి, గేటు దగ్గర కాకుండా. మీ బాబు చేయాల్సింది ఇది కాదు. ఇద్దరూ ఒకే వయసువాళ్ళు, కలిసి క్రికెట్ ఆడుకోవాలి. ఆ బాబు మీ సోఫాలో కూర్చోవాలి, మీ గ్లాసులోనే నీళ్ళు తాగాలి, మీరు పుట్టినరోజుకి పిలిస్తే కేకు పంచే పనికి కాకుండా కేకు తినడానికి రావాలి. ఇది పిల్లల పని కాదు, మీ ఇద్దరి పని. మీరు ఆ బాబుని 'ఒరేయ్ ఇలా రా' అని పిలుస్తుంటే, మీ బాబు ఎన్ని బొమ్మలిచ్చినా నేర్చుకునేది ఆ పిలుపే.

సెల్లార్‌లో పెరిగే పిల్లలకి చాలా పనులు చేతనవుతాయి. సైకిల్ చైన్ ఊడితే ఎక్కించడం, మోటార్ వేసి ట్యాంక్ నిండే వేళకి ఆపడం, గాలిపటానికి సూత్రం కట్టడం. వీటిలో ఏది ఆ బాబుకి వస్తే అది నేర్పమని మీవాణ్ణి వెళ్ళి అడగమనండి. ఈ ఆదివారమే అడగమనండి.